ఆ నాలుగున్నర కాఫీ మానకండి

ప్రశ్న: నా వయసు 41. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. బాబు ఇంటర్, పాప ఎనిమిదో తరగతి. రోజుకి ఐదు కాఫీలు తాగుతాను. లేవగానే ఒకటి, టిఫిన్ తినే టైము లేక బస్సెక్కే ముందు ఒకటి, స్కూల్లో ఇంటర్వెల్‌కి ఒకటి, సాయంత్రం ఇంటికొచ్చాక ఒకటి, రాత్రి బాబు చదువుకి తోడు కూర్చోడానికి పదింటికి ఒకటి. సాయంత్రం నాలుగున్నరకి చీర కూడా మార్చుకోకుండా పెరటి గుమ్మంలో కూర్చుని తాగేదే నాకు కాఫీలా ఉంటుంది. మిగతావి గబగబా మింగేయడమే. ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోందని పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.2 ఉంది. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్ర పొద్దున కాఫీతో పాటే వేసేసుకుంటున్నాను. మొన్న కార్తీక సోమవారం ఏమీ ముట్టకుండా ఉంటే సాయంత్రానికి తల పగిలిపోయింది, పాప మీద అరిచేశాను. అత్తగారు, ఆడపడుచు చూస్తుండగానే మావారు "తాగుబోతుకీ నీకూ తేడా ఏముంది" అన్నారు. అప్పట్నుంచి వంటింట్లో తలుపు చాటున నిలబడి తాగుతున్నాను. రెండుసార్లు మానేసి చూశాను, రెండో రోజుకే మళ్లీ మొదలెట్టాను. నేను నిజంగానే కాఫీకి బానిసనయ్యానా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు ఆ మాట సంగతి చూద్దాం. తాగుబోతుకీ మీకూ చాలా తేడా ఉంది. మీరు కాఫీ కోసం పిల్లల ఫీజు డబ్బు ఖర్చు పెట్టలేదు, ఉద్యోగం ఎగ్గొట్టలేదు, వంట మానలేదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన రోగ నిర్ధారణ పుస్తకంలో కాఫీ మానినప్పుడు వచ్చే తలనొప్పి, చిరాకు, నీరసాన్ని నిజమైన బాధగానే గుర్తించారు. కాఫీ వ్యసనాన్ని మాత్రం రోగాల జాబితాలో చేర్చలేదు, ఇంకా పరిశీలించాల్సిన విషయంగా పక్కన ఉంచారు. మీ ఒళ్లు కాఫీలో ఉండే కెఫీన్ అనే ఉత్తేజ పదార్థానికి అలవాటు పడింది, అది నిజం. దాన్ని దాచుకోవాల్సిన తప్పుగా చూడకండి.

ఆ అలవాటు ఎలా పడుతుందో చెబుతాను. మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ "ఇక చాలు, పడుకో" అని కబురు పెడుతుంటుంది. కెఫీన్ వెళ్లి అది చేరాల్సిన చోట తాను చేరి, ఆ కబురు అందకుండా చేస్తుంది. కబురు ఆగుతుంది, అలసట ఎక్కడికీ పోదు. రోజూ ఇలా జరిగితే మెదడు కూడా తనను తాను సర్దుకుంటుంది. అందుకే ఒక్కసారిగా మానితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలై, ఒకటి రెండు రోజుల్లో బాగా ముదిరి, కొందరిలో తొమ్మిది రోజుల దాకా సాగుతుంది. మీరు రెండుసార్లూ మళ్లీ మొదలెట్టింది సరిగ్గా బాధ ముదిరే రోజున. మనోబలం లేకపోవడం అనుకోకండి.

మా అమ్మ ఏకాదశి నాడు మధ్యాహ్నానికల్లా నుదుటికి శొంఠి పట్టు వేసుకుని, తలుపులు దగ్గరకి వేసి పడుకునేది. ఉపవాసం వల్ల వేడి చేసిందనుకునేవాళ్లం. ఆవిడ పొద్దున్నే తాగే పెద్ద గ్లాసుడు కాఫీ ఆ రోజు ఉండదన్న సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు. మీ కార్తీక సోమవారం తలనొప్పిలో ఖాళీ కడుపు వాటా కొంత ఉన్నా, కాఫీ వాటా తప్పకుండా ఉంది. వచ్చేసారి ఉపవాసానికి వారం ముందునుంచే తగ్గించుకుంటూ రండి.

ఇక నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది మీరు మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన హిమోగ్లోబిన్ సంగతి. ఆడవాళ్లకి 12 ఉండాలి, మీకు 9.2. మీకు ఆయాసం, నీరసం, పిల్లల మీద విసుగు వస్తున్నాయంటే అందులో చాలావరకు ఈ రక్తహీనతదే. ఆ నీరసానికి మీరు కాఫీ తాగుతున్నారు. ఆ కాఫీ ఏమో మీరు వేసుకున్న ఐరన్ మాత్రని ఒంటికి సరిగ్గా పట్టనివ్వడం లేదు. మళ్లీ నీరసం, మళ్లీ కాఫీ. కాఫీ, టీలలో ఉండే కొన్ని పదార్థాలు ఇనుమును పట్టుకుని లోపలికి వెళ్లకుండా ఆపేస్తాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, భోజనానికి కనీసం గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీ వద్దని చెప్పింది ఇందుకే.

కాబట్టి రేపటి నుంచే ఆ మాత్రని కాఫీకి దూరం చేయండి. స్కూల్లో మధ్యాహ్నం భోజనానికి గంట ముందో, ఇంకా వీలైన వేళో, నిమ్మకాయ పిండిన నీళ్లతో వేసుకోండి. ఇంటర్వెల్ కాఫీ దానికి దగ్గర్లో పడకుండా చూసుకోండి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి. నలభై దాటాక ఇది చాలామందిలో ఉంటుంది, అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. ఒకవేళ థైరాయిడ్ మాత్ర కూడా వాడుతుంటే దానికీ కాఫీకీ మధ్య కనీసం అరగంట, గంట వదలాలి.

ఎంత తాగొచ్చు అంటారా? అదే సంస్థ లెక్కలో 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65 ఉంటుంది. రోజుకి 300 దాటొద్దని వాళ్ల మాట. మీ గ్లాసు ఎంత, పొడిలో చికోరీ ఎంత అన్నదాన్ని బట్టి ఇది మారుతుంది. చికోరీలో కెఫీన్ ఉండదు. డికాక్షన్ కాఫీ అయితే మాత్రం, ఐదంటే మీరు ఆ గీత దాటే ఉండొచ్చు. రోజుకి రెండు మూడు కాఫీలు ఆరోగ్యవంతులకి చెడు చేయవు. మితంగా తాగేవాళ్లలో షుగరు, కాలేయ జబ్బులు తక్కువగా కనిపిస్తున్నాయని పెద్ద పెద్ద పరిశీలనల్లో తేలింది కూడా. చక్కెర మాత్రం చూసుకోండి. కప్పుకి రెండు చెంచాలంటే రోజుకి పది.

ముందుగా పోవాల్సింది రాత్రి పదింటి కాఫీ. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే ఐదారు గంటలు పడుతుంది. అంటే తెల్లవారుజామున మూడింటికి కూడా అందులో సగం మీలో ఉంటుంది. నిద్ర పట్టినా అది గాఢంగా ఉండదు, అందుకే లేవగానే కాఫీ లేనిదే కాలు కదలదు. బాబుకి తోడు కావాలంటే వారంలో మూడు రోజులు వాళ్ల నాన్నని కూర్చోమనండి. ఇంటర్ చదివే పిల్లాడికి తండ్రి పక్కన ఉండటం కూడా అవసరమే.

రాత్రిది ఆపాక నాలుగైదు రోజులు ఆగి, బస్సెక్కే ముందుది తీసేయండి. దాని స్థానంలో రెండు ఇడ్లీలో, అరటిపండో, డబ్బాలో పెట్టుకుని బస్సులో తినే వేరుశనగ ఉండో ఏదో ఒకటి కడుపులో పడాలి. అక్కడ మీకు కావాల్సింది తిండి, కాఫీ దాన్ని మరిపిస్తోంది అంతే. పొడి కొనేచోట చికోరీ కాస్త ఎక్కువ కలపమని చెబితే తగ్గించడం ఇంకా సులువవుతుంది. ఇంటర్ పరీక్షల వారంలో మాత్రం ఈ పని మొదలుపెట్టకండి.

నాలుగున్నర కాఫీ ఉంచుకోండి. మీ ఉత్తరంలో ఆ పెరటి గుమ్మం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పొద్దున లేచింది మొదలు మీరు కూర్చున్నది ఆ పదిహేను నిమిషాలే అనిపించింది. గ్లాసు చేతిలో ఉంటే ఎవరూ పిలవరు, ఖాళీ చేతులతో కూర్చుంటే ఏదో ఒక పని చెబుతారు. మన ఇళ్లలో ఆడవాళ్లలో చాలామందికి కాఫీ మీద ఇంత ప్రేమ ఉండటానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం. రేపు కాఫీ మానినా ఆ పదిహేను నిమిషాలు మానొద్దు.

తలుపు చాటున తాగడం మాత్రం ఇవాళే ఆపండి. దాక్కుంటే ఆయన అన్న మాట నిజమని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. పిల్లలు నిద్రపోయాక, ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు ఆ రక్తపరీక్ష కాగితం చేతికిచ్చి చెప్పండి: "ఏమండీ, నా ఒంట్లో రక్తం ఇంతే ఉంది. కాఫీ తగ్గిస్తున్నాను, ఓ నెల నాకు చిరాకుగా ఉండొచ్చు, కాస్త ఓర్చుకోండి. ఆ రోజు అందరి ముందూ అన్న మాట నన్ను చాలా బాధపెట్టింది. నాలో తప్పుంటే మనిద్దరం ఉన్నప్పుడు చెప్పండి." పాత గొడవలు దీనికి జత చేయకండి. ఆయన వెంటనే ఏమీ అనకపోయినా ఫర్వాలేదు, మాట చేరితే చాలు. పాపకి కూడా ఒక మాట చెప్పండి, ఆ రోజు తలనొప్పితో అరిచాను, నీ తప్పేమీ లేదని. ఎనిమిదో తరగతి పిల్ల, అర్థం చేసుకుంటుంది.

గుండె దడ వచ్చినా, ఆయాసం పెరిగినా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. లేకపోతే మాత్రలు మధ్యలో ఆపకుండా వాడి, డాక్టరు చెప్పినప్పుడు హిమోగ్లోబిన్ మళ్లీ చూపించుకోండి. ఎంత వచ్చిందో నాకు రాయండి.