చదివింది వారానికే మరచిపోవడం గురించి

నమస్కారమండీ. ఇంటర్ బైపీసీ చదువుతున్న మీ అమ్మాయి జీవశాస్త్రం పాఠాన్ని నాలుగుసార్లు చదివి, ఆ రాత్రి గడగడా అప్పజెప్పి, వారం తిరిగేసరికి పరీక్షలో ఏమీ రాయలేకపోతోందని, ఇది జ్ఞాపకశక్తి లోపమేమోనని అడిగారు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే లోపం చదివే పద్ధతిలో ఉన్నట్టు నాకు తోస్తోంది.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, చిన్న వ్యాసాన్ని నాలుగు విడతలూ చదివిన విద్యార్థులు 5 నిమిషాల తర్వాత జరిగిన పరీక్షలో ముందున్నప్పటికీ, వారం తర్వాత సుమారు 40 శాతమే గుర్తుచేసుకోగలిగారు. ఒక్క విడత చదివి, మిగిలిన మూడు విడతలూ వ్యాసం చూడకుండా గుర్తున్నదంతా రాసినవారు మాత్రం 61 శాతం గుర్తుచేసుకున్నారు. మళ్ళీ మళ్ళీ చదివితే పాఠం పరిచయమైనట్టు అనిపిస్తుంది, ఆ పరిచయాన్నే మనం జ్ఞాపకమని పొరబడతాము.

కాబట్టి రెండు పేజీలు చదివాక పుస్తకం మూయించి, గుండె నిర్మాణమైతే బొమ్మతో సహా, తెల్లకాగితం మీద రాయించండి. తప్పులు దిద్దుకున్నాక, మరునాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకు ఇంకోసారి అదే పని చేయించండి. మొదట్లో విసుక్కుంటుంది, అది సహజమే.

పక్కన ఫోను ఉంచుకుని చదువుతుందని కూడా రాశారు. మనసులో ఒకేసారి నిలిచే విషయాలు నాలుగైదుకు మించవు కనుక, ప్రతి సందేశమూ వాటిలో కొన్నింటిని తోసేస్తుంది. ఆ గంటసేపు ఫోనును వేరే గదిలో పెట్టించండి.