తమ్ముడు మిషన్ మధ్యలోనే వచ్చేస్తానంటున్నాడు, నాన్నకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: మాది హైదరాబాద్. నాన్న పెళ్లయ్యాక ‘యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం’లో (మోర్మన్ చర్చి అంటారు) చేరారు. ఇప్పుడు వార్డులో, అంటే మా స్థానిక చర్చిలో, బాధ్యతలు చూస్తున్నారు. తమ్ముడికి ఇరవై ఏళ్లు. రెండేళ్ల మిషన్‌కి, అంటే మత ప్రచార సేవకి, పిలుపు వస్తే ఇంగ్లాండ్ వెళ్లాడు. తొమ్మిది నెలలైంది. సోమవారం సోమవారం వీడియో కాల్ చేస్తాడు. అమ్మానాన్నల ముందు నవ్వుతూనే ఉంటాడు. వాళ్లు లేచి వెళ్లాక నాతో మాత్రం రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, బాత్రూంలో కూర్చుని ఏడుస్తున్నానని, అసలు నమ్ముతున్నానో లేదో నాకే తెలియడం లేదని అన్నాడు. జంటగా ఉండే అమెరికా మిషనరీ అబ్బాయికి అర్థం కాకూడదని అంతా తెలుగులోనే చెప్పాడు. వచ్చేస్తానంటున్నాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. వాడు కాస్త డల్‌గా కనిపిస్తే చాలు, నాన్న మా సంఘం పూర్వ అధ్యక్షుడు హింక్లీగారి కథ ఎత్తుకుని ‘నిన్ను నువ్వు మర్చిపో, పనిలో పడు’ అంటారు. మధ్యలో వస్తే మా మేనత్తల ముందు తలెత్తుకోలేనంటారు. వాళ్లది వేరే చర్చి, మా సంఘమంటే పడదు. నేను పెళ్లయ్యాక చర్చికి వెళ్లడం మానేశాను. ఇప్పుడు ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఒట్టు సంగతి తేల్చుకుందాం. తమ్ముడు మిమ్మల్ని నమ్మి చెప్పాడు, ఆ నమ్మకం పోగొట్టుకోకూడదు. కానీ ప్రాణం మీదికి వస్తే ఏ ఒట్టూ చెల్లదు. అంతదాకా వచ్చిందా లేదా అన్నది మీ ఉత్తరంలో లేదు. సోమవారం దాకా ఆగకుండా మెసేజ్ పెట్టి, వీలు చూసుకుని మాట్లాడండి. ‘చచ్చిపోవాలన్న ఆలోచన ఏమైనా వస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. ఒకళ్లు అడిగారన్న ఊరటే ఎక్కువ. అవునంటే ఆ రాత్రే అక్కడి మిషనరీల బాధ్యత చూసే మిషన్ ప్రెసిడెంట్‌కీ, మీ అమ్మానాన్నలకీ తెలియాలి. ఇంగ్లాండ్‌లో ఏ వేళలోనైనా 111కి ఫోన్ చేసి మానసిక ఆరోగ్యం ఆప్షన్ ఎంచుకోవచ్చు, ప్రమాదం ముంచుకొస్తే 999. ఊరికే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే సమారిటన్స్ నంబర్ 116 123, ఉచితం.

లేదంటే మంచిదే. అయినా రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం చిన్న విషయమేం కాదు.

ఆ కుర్రాడి రోజు ఎలా గడుస్తుందో బయటివాళ్లకు తెలియదు. పొద్దున ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకల్లా పడుకోవాలి. మధ్యలో చదువు, ప్రార్థన, వీధులు, తలుపులు. కంపానియన్‌ని, అంటే జంటగా ఉండే తోటి మిషనరీని, వదిలి ఎక్కడికీ వెళ్లకూడదు. ఆ కంపానియన్‌ని తను ఎంచుకోలేదు, మిషన్‌వాళ్లు కుదిర్చారు. ఒంటరిగా ఉండగలిగే చోటు బాత్రూం ఒక్కటే. అందుకే అక్కడ ఏడుస్తున్నాడు. ఇక ఇంగ్లాండ్ చలికాలంలో నాలుగింటికే చీకటి పడుతుంది. రోజంతా తలుపులు కొట్టి ‘నో థాంక్యూ’ అనిపించుకుంటాడు. ఎప్పుడో ఓ పెద్దావిడ జాలిపడి లోపలికి పిలిచి వేడివేడి టీ కప్పు చేతికిస్తుంది. సంఘం నియమం ప్రకారం అది తాగకూడదు! ఆవిడ నొచ్చుకోకుండా వద్దని చెప్పడం ఇరానీ చాయ్ ఊళ్లో పెరిగిన పిల్లాడికి కూడా ఓ పరీక్షే. ఇవన్నీ సంతోషంగా భరించేవాళ్లు ఉన్నారు. పదేళ్ల తర్వాత కూడా ఆ రెండేళ్లే జీవితంలో మంచి రోజులని చెప్పేవాళ్లను చూశాను. మీవాడు అలా లేడు, అంతే. అది అతని తప్పు కాదు.

ఇప్పుడు నాన్నగారి హింక్లీ కథ. ఆ కథ నిజమే. గోర్డన్ హింక్లీ 1933లో మిషనరీగా ఇంగ్లాండ్‌లోని ప్రెస్టన్‌కే వెళ్లారు. మొదటి వారాల్లోనే ఒంట్లో బాగాలేక, ఎవరూ మాట వినక నీరసపడిపోయి, నా టైమూ మీ డబ్బూ వృథా అవుతున్నాయని తండ్రికి రాశారు. తండ్రి ‘నిన్ను నువ్వు మర్చిపో, పనిలో పడు’ అని క్లుప్తంగా జవాబిచ్చారు. ఆ కుర్రాడు తర్వాత 1995 నుంచి 2008 దాకా సంఘానికి అధ్యక్షుడయ్యారు, 1998లో ప్రెస్టన్ దేవాలయాన్ని ఆయనే ప్రతిష్ఠించారు. మీ నాన్నగారికి ఈ కథ ఎందుకంత ఇష్టమో నాకు అర్థమవుతుంది.

కానీ ఆయన ఒకటి వదిలేస్తున్నారు. తండ్రి జవాబుకు ముందు కొడుకు ఉత్తరం ఉంది. ‘నాన్నా, నావల్ల కావడం లేదు’ అని ఇరవై మూడేళ్ల కుర్రాడు దాచుకోకుండా రాయగలిగాడు. రాశాడు కాబట్టే జవాబొచ్చింది. మీ ఇంట్లో జవాబు ముందే సిద్ధంగా ఉంది, ఉత్తరం రాసే వీలే లేదు. పైగా కొత్తగా వెళ్లి దిగులుపడిన వాడికి పనిలో పడమంటే మందులా పనిచేయవచ్చు. నిద్రకే దూరమైనవాడికి అదే మాట ఇంకో బరువవుతుంది. నాన్నగారితో మాట్లాడే రోజు వచ్చినప్పుడు హింక్లీగారిని కాదనకండి. ఆ ఉత్తరాన్నే గుర్తు చేయండి. ఆయనకు ఇష్టమైన కథ వైపు నుంచి వెళ్తే వింటారు.

నాన్నగారి గురించి నాకు ఇంకొకటి అనిపిస్తోంది. పెళ్లయ్యాక చేరారు కాబట్టి ఆయనకు యువకుడిగా మిషన్‌కి వెళ్లే అవకాశం రాలేదు. కొడుకు మోస్తున్న సంచిలో తండ్రి కోరిక కూడా ఉండొచ్చు. ఇది ఆయన్ని తప్పుపట్టడానికి అనడం లేదు. మీరు కోపం తగ్గించుకుని మాట్లాడాలని చెబుతున్నాను.

నమ్మకం సంగతి. నేను ఆ సంఘానికి చెందినదాన్ని కాదు, వాళ్ల సిద్ధాంతం తప్పొప్పులు చెప్పే పని నాది కాదు. కానీ నిద్ర, తిండి సరిగా లేని స్థితిలో దేవుడున్నాడా లేడా అన్నది తేల్చుకోమని ఎవరికీ చెప్పను. విడాకులూ, ఉద్యోగ రాజీనామాలూ కూడా ఆ స్థితిలో వద్దంటాను. ముందు ఒళ్లు కుదుటపడాలి. అతన్ని ఎక్కువగా నలిపేస్తున్నది ఏమిటో ఊహించగలను. గడప గడపకీ వెళ్లి ‘ఇది సత్యమని నాకు తెలుసు’ అని సాక్ష్యం చెప్పాలి, లోపల మాత్రం తెలియదనిపిస్తుంది. రోజూ అబద్ధమాడుతున్నట్టు ఉంటుంది. వాళ్ల మోర్మన్ గ్రంథంలోనే ఆల్మా 32వ అధ్యాయంలో, నమ్మాలన్న కోరిక ఒక్కటి ఉన్నా మొదలుపెట్టడానికి చాలని ఉంది. ఆ మాట అతనికి గుర్తు చేయండి. తనకు నిజంగా అనిపించినంతే చెప్పి, అనిపించనిది చెప్పకుండా ఉండొచ్చు.

ఇక చేయాల్సిన పని. మిషనరీలు ప్రతివారం మిషన్ ప్రెసిడెంట్‌కి ఉత్తరం రాస్తారు. మీవాడు ఇన్నాళ్లూ అందులో ‘అంతా బాగుంది’ అనే రాసి ఉంటాడని నా అనుమానం. ఈ వారం నిజం రాయమనండి. ఎన్ని గంటలు పడుకుంటున్నాడు, ఎన్నాళ్ల నుంచి, తింటున్నాడా, ఏడుపు ఎప్పుడొస్తోంది, ఇవన్నీ ఉండాలి. ప్రెసిడెంట్, ఆయన భార్య మూడేళ్ల కోసం తమ ఇల్లు వదిలి వచ్చినవాళ్లు. ఇలాంటి పిల్లలు వాళ్లకు కొత్త కాదు. డాక్టర్‌కి చూపించడం, కౌన్సెలింగ్ ఏర్పాటు చేయడం, కంపానియన్‌ని మార్చడం, వేరే ఊరికి పంపడం వాళ్ల చేతిలో పనులే. దీర్ఘకాల వీసాతో వెళ్లాడు కాబట్టి అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ఆరోగ్య సర్‌చార్జి కట్టి ఉంటారు, అక్కడి జీపీ (స్థానిక డాక్టర్) దగ్గర చూపించుకోవడానికి ఇబ్బంది ఉండకూడదు. మందులతోనో, కంపానియన్ మారడంతోనో తేరుకుని మిగతా కాలం పూర్తి చేసినవాళ్లూ ఉన్నారు.

అందుకే ‘వచ్చెయ్’ అని మీరు అనకండి. ‘ఉండు’ అనీ అనకండి. మీరు చర్చి మానేశారు కాబట్టి రేపు అతను వస్తే ‘అక్కే లాగేసింది’ అనే మాట పుడుతుంది. అది మీకంటే అతనికే నష్టం, తన నిర్ణయం తనది కాకుండా పోతుంది. మీరు చేయగలిగిందల్లా అతను నిజం చెప్పేటప్పుడు పక్కన ఉండటమే. నాన్నకు చెప్పడం కూడా అంతే. ‘నువ్వు చెబుతావా, నేను పక్కన కూర్చోనా, లేక నన్ను చెప్పమంటావా?’ అని అడిగి అతనికే వదిలేయండి. ముందు అమ్మకు చెబుదామంటే అదీ మంచిదే. కాల్‌లో కొడుకు నవ్వు వెనక ఏముందో ఆవిడకు ఇప్పటికే కొంత తెలిసే ఉంటుంది.

డాక్టరూ ప్రెసిడెంటూ కూడా ఇంటికెళ్లడమే మంచిదంటే రానివ్వండి. ఆరోగ్యం బాగాలేక వచ్చినవాళ్లను సంఘం గౌరవంగానే విడుదల చేస్తుంది. కావాలనుకుంటే ఇంటి దగ్గరే ఉండి సేవా మిషన్ చేసే వీలు కూడా ఉంది. మీ నాన్నగారికి ఈ రెండు సంగతులూ తెలిసే ఉండాలి, అయినా ఎవరో ఒకరు పైకి అనాలి. ముందుగా తిరిగొచ్చిన మిషనరీల మీద యుటా వ్యాలీ యూనివర్సిటీలో చేసిన అధ్యయనంలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది ఓడిపోయామన్న భావన ఉందని చెప్పారు. అంటే మీవాడు విమానం దిగేసరికే ఆ భావనతో ఉంటాడు, ఇంట్లో ఇంకొంచెం కలపక్కర్లేదు. హైదరాబాద్‌లో 2012లోనే స్టేక్, అంటే కొన్ని వార్డులు కలిసిన విభాగం, ఏర్పడింది, దేశంలో అదే మొదటిది. అయినా మీ సంఘం చిన్నది, అందరికీ అందరూ తెలుసు. ఎందుకొచ్చాడని అడుగుతారు. ‘ఒంట్లో బాగాలేదు, వచ్చాడు’ అని ఇంటిల్లిపాదీ ఒకటే మాట చెప్పండి. మేనత్తలకూ అదే జవాబు. ఇంకా తవ్వితే టాపిక్ మార్చండి, మన పెళ్లిళ్లలో ఆ విద్య అందరికీ వచ్చు.

మీరు కూడా ఇదంతా ఒక్కరే మోయకండి. కనీసం మీవారికి చెప్పండి. మీకే టెన్షన్ ఎక్కువైతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. తమ్ముడు ప్రెసిడెంట్‌కి ఉత్తరం రాశాక ఏమన్నారో నాకు మళ్లీ రాయండి. నాన్నగారితో ఎలా మొదలుపెట్టాలో అప్పుడు వివరంగా చూద్దాం.