జెల్ నెయిల్ పాలిష్‌తో చర్మం పాడైతే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: నెయిల్ సెలూన్‌లో మూడేళ్లుగా జెల్ పాలిష్ వేస్తున్నాను. ఆరు నెలల నుంచి నా బొటనవేలు, చూపుడువేలు కొసలు పగిలి దురద పెడుతున్నాయి. నా దగ్గర గోళ్లు చేయించుకున్న ఒకావిడకి గోళ్ల చుట్టూ పొక్కులు వచ్చాయట, పరిహారం కోరుతూ నాకూ యజమానికీ లాయరు నోటీసు పంపారు. యజమాని మాత్రం ‘మీ ఇద్దరివీ సెన్సిటివ్ చర్మాలు, పొరపాటు నీదేనని రాసివ్వు’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ఆవిడకి వాడిన ప్రైమరు, బేస్ కోటు, జెల్ సీసాలను పారేయనివ్వకండి. లేబుల్ నాలుగు వైపులా ఫొటో తీయండి. బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా, పదార్థాల జాబితా, దిగుమతి సరుకైతే రిజిస్ట్రేషన్ నంబరు కనిపించాలి. సీసా పోతే కేసులో సగం పోయినట్టే.

ఇక ‘సెన్సిటివ్ చర్మం’ మాట. చాలా జెల్‌లలో హేమా (హెచ్‌ఈఎంఏ) అనే మెథాక్రిలేట్ జాతి రసాయనం ఉంటుంది. గట్టిపడకముందు అది చర్మానికి మళ్లీ మళ్లీ తగిలితే అలర్జీ పుడుతుంది. ఇది పుట్టుకతో వచ్చిన లోపం కాదు, పనిలో అంటుకున్నది. ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, రేపు పంటికి ఫిల్లింగ్ పెట్టించుకున్నా ఇబ్బంది పెట్టవచ్చు. పల్చటి నైట్రైల్ గ్లౌజుల్లోంచి ఇది నిమిషాల్లోనే లోపలికి దిగుతుంది. ఒక కంపెనీ జెల్‌ని గట్టిపరచడానికి మరో కంపెనీ ల్యాంపు వాడితే పైపొర గట్టిగా మెరుస్తుంది కానీ అడుగున పచ్చిగానే ఉండిపోవచ్చు. ఆవిడ పొక్కులకు కారణం అక్కడే ఉండవచ్చు. కాబట్టి ఏ ల్యాంపు, ఎన్ని సెకన్లు, ఎవరు కొన్నారు అన్నది ఇప్పుడే రాసి పెట్టుకోండి.

చర్మ వైద్యుల దగ్గర మెథాక్రిలేట్ ప్యాచ్ టెస్ట్ అని పేరు చెప్పి అడగండి, మామూలుగా పరీక్షించే పదార్థాల జాబితాలో ఇవన్నీ ఉండకపోవచ్చు. అనుమానమున్న పదార్థాలను వీపు మీద అంటించి రెండు రోజులు ఉంచుతారు, ఆ తర్వాత మరోసారి చూస్తారు. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, ఫలితం తప్పుగా రావచ్చు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తగిన హెచ్చరిక ఇవ్వని తయారీదారు సెక్షన్ 84 కిందకు, హెచ్చరించకుండా సేవ చేసిన సెలూన్ సెక్షన్ 85 కిందకు వస్తారు. తయారీదారు ఎవరో తెలియని సీసా అయితే అమ్మినవారే సెక్షన్ 86 కింద చిక్కుకుంటారు. ఆవిడ సేవ కొనుక్కున్నది సెలూన్ దగ్గర, మీరు అక్కడ ఉద్యోగి. పనిలో భాగంగా జరిగినదానికి మామూలుగా జవాబు చెప్పాల్సింది యజమానే.

అసలు కీలకం సెక్షన్ 87. యజమాని పనిచోట వాడటానికి కొన్న వస్తువు విషయంలో, తయారీదారు హెచ్చరికలు యజమానికి అందజేసి ఉంటే, హెచ్చరించలేదన్న ఆరోపణ నుంచి తయారీదారు బయటపడతాడు. అంటే ఆ హెచ్చరిక మీదాకా చేర్చే బాధ్యత యజమాని మీద పడుతుంది. అందుకే ప్రతి ఉత్పత్తికీ భద్రతా సమాచార పత్రం (ఎస్‌డీఎస్) ఇవ్వమని ఈమెయిల్‌లో అడగండి, నోటిమాట వద్దు. అందులో 16 భాగాలుంటాయి. 3వ భాగంలో పదార్థాలు, 8వ భాగంలో ఏ గ్లౌజులు, ఎలాంటి గాలి ఏర్పాటు కావాలో ఉంటుంది. 8వ భాగం చెప్పినవి మీకు ఇవ్వలేదని తేలితే ‘పొరపాటు నీదే’ అన్న మాట నిలవడం కష్టం.

యూరోపియన్ యూనియన్‌లో హేమా ఉన్న గోళ్ల ఉత్పత్తులు నిపుణుల వాడకానికి మాత్రమే, అలర్జీ హెచ్చరిక ముద్రించడమూ తప్పనిసరి. ఆ నియమం మన వినియోగదారుల కమిషన్‌ను కట్టడి చేయదు. అయినా ‘ఈ ప్రమాదం ఎవరికీ తెలియదు’ అనే వాదనకి అది గట్టి జవాబు.

నోటీసులో ఇచ్చిన గడువులోగా విడిగా జవాబు పంపండి. యజమాని లాయరే మీ తరఫున కూడా రాస్తే మీ ఇద్దరి ప్రయోజనాలు ఢీకొంటాయి. ఆవిడ ఫిర్యాదుకు గడువు రెండేళ్లు, అప్పటిదాకా కాగితాలు దాచండి.

మీ చేతుల సంగతి వేరే దారి. ఈఎస్‌ఐ కార్డు ఉంటే ఇది వృత్తి వ్యాధి అని అక్కడే క్లెయిమ్ వేయండి, యజమాని తప్పు రుజువు చేయాల్సిన పని లేదు. జెల్ తాకని పని ఇవ్వాలని డాక్టరు చేత రాయించి, ఆ కాగితం యజమానికి ఇచ్చి, నకలు మీద తేదీ వేసి సంతకం తీసుకోండి.