ట్రైనింగ్ నీ ఒక్కదానికేనా?

అనంతపురం నుంచి ఒకమ్మాయి రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది, కుదించి వేస్తున్నా.

"మా బాబుకి నాలుగున్నరేళ్లు, ఎల్‌కేజీ. ఫోన్ తీసుకుంటే చేతికందింది విసిరేస్తాడు, నన్ను కొడతాడు, గిచ్చుతాడు. మొన్న పొద్దున ఫోన్ లాక్కున్నానని ఉగ్గాని ప్లేటు గోడకేసి కొట్టాడు. నేనూ రెండు దెబ్బలు వేశా, తర్వాత బాత్‌రూమ్‌లోకి పోయి ఏడ్చా. మా ఆయనది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శనివారం రాత్రి వచ్చి ఆదివారం రాత్రి బస్సుకి పోతారు. ఆయన ఉన్నప్పుడు బాబు బంగారం. అత్తమ్మ మాతోనే ఉంటుంది. అల్లరి పిల్లల్ని దారిలో పెట్టడం ఎలాగో తల్లిదండ్రులకు కళ్లకు కట్టుకుని చూసే వీఆర్ హెడ్‌సెట్‌తో నేర్పిస్తారని మా ఆయన ఎక్కడో చూశారట. 'నీకు ఓపిక లేదు, అది పెట్టుకుని ప్రాక్టీస్ చెయ్యి' అంటున్నారు. చీరలకు ఫాల్స్, జాకెట్లు కుట్టి కట్టుకున్న చీటీ డబ్బు నలభై వేలు నా దగ్గరుంటే, దాంతో హెడ్‌సెట్ బుక్ చేయమన్నారు. చేశాను. అది వాడితే నా కళ్లకేమైనా అవుతుందా? బాబు అడిగితే కాసేపు ఇవ్వొచ్చా? ఆదివారం నేను ఫోన్ వద్దంటే మా ఆయన నవ్వి, 'వారానికోసారి వస్తా, నా కొడుకుని ఏడిపించకు' అని ఇచ్చేస్తారు. వాడు నా ముఖంలోకి చూస్తూ తీసుకుంటాడు. ఇది కూడా రాయాలనిపించింది."

తల్లీ, నా కూతురి వయసుదానివి, నువ్వనే అంటా.

నువ్వడిగిన రెండింటికీ ముందు జవాబు చెప్పేస్తా. కొంతమందికి ఆ హెడ్‌సెట్ పెట్టుకుంటే ఘాట్ రోడ్డులో బస్సెక్కినట్టు కడుపులో తిప్పుతుంది, కళ్లు అలిసిపోతాయి, తీసేసి కాసేపు కూర్చుంటే మామూలుగా సర్దుకుంటుంది. బాబుకి మాత్రం ఇవ్వొద్దు. ఇలాంటి హెడ్‌సెట్లలో మెటా క్వెస్ట్‌కి కనీస వయసు 10 ఏళ్లని, ప్లేస్టేషన్ వీఆర్‌కి 12 ఏళ్లని తయారు చేసినవాళ్లే చెబుతున్నారు. ఫోన్ కోసం ప్లేటు విసిరేవాడికి అంతకంటే పెద్ద ఫోన్ ముఖానికి కట్టడమేమిటి!

ఇక నువ్వు చివర్లో, ఇది కూడా రాయాలనిపించింది అంటూ రాసిన ఆ ముక్క ఉంది చూడు, నీ ఉత్తరమంతా అదే. మిగతాదంతా దానికి ముందుమాట.

మీ ఆయన చెప్పిన ట్రైనింగ్ బూటకం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. హెడ్‌సెట్‌లో ఒక ఇల్లు కనిపిస్తుంది, అందులో ఒక బొమ్మ పిల్లాడు బొమ్మలు విసిరేస్తూ, అరుస్తూ ఉంటాడు. నువ్వు వాడితో మాట్లాడాలి. తప్పు మాటంటే వాడు ఇంకా రెచ్చిపోతాడు, మళ్లీ మొదట్నుంచి ప్రయత్నించొచ్చు, నిజం పిల్లాడికి ఏ నష్టమూ లేదు. ఇది ఇంకా పరిశోధకులు పరీక్షించి చూస్తున్న దశలోనే ఉంది. కానీ దాని కింద ఉన్న పద్ధతి పాతదే. 1970ల్లో అమెరికాలో షీలా ఐబర్గ్ అనే సైకాలజిస్టు మొదలుపెట్టింది, రెండేళ్ల నుంచి ఏడేళ్ల లోపు పిల్లలకు. తల్లి గదిలో పిల్లాడితో ఆడుకుంటుంటే, అవతలి నుంచి మాత్రమే కనపడే అద్దం వెనక కోచ్ కూర్చుని, తల్లి చెవిలో పెట్టిన చిన్న ఇయర్‌ఫోన్‌లోకి 'ఇప్పుడు మెచ్చుకోండి', 'ఇప్పుడు పట్టించుకోవద్దు' అని చెబుతూ ఉంటారు. ఇప్పుడు దాన్నే వీడియో కాల్‌లో ఇంటి నుంచీ చేస్తున్నారు. హెడ్‌సెట్ లేకపోయినా ఆ పని జరుగుతుంది.

బొమ్మ పిల్లాడి దగ్గర లేనిదల్లా ఒక్కటే, శనివారం రాత్రి బస్సు దిగే నాన్న. సోమవారం నుంచి శనివారం దాకా నువ్వు కట్టిందాన్ని ఆదివారం మధ్యాహ్నం చికెన్ తినే లోపల నవ్వుతూ కూలగొట్టే మనిషి ఏ హెడ్‌సెట్‌లోనూ ఉండడు. నువ్వు అందులో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నా మీ ఇంట్లో పాస్ కాలేవు.

పిల్లాడు నీ ముఖంలోకి చూస్తూ ఫోన్ తీసుకున్నాడన్నావే, వాడు పొగరుతో చూళ్లేదు. ఈ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో లెక్క చూసుకున్నాడు. నాలుగేళ్ల పిల్లలు ఆ లెక్కలో ఆడిటర్ల కంటే గట్టివాళ్లు. అమెరికాలోనే ఒరెగాన్‌లో గెరాల్డ్ ప్యాటర్సన్ అనే సైకాలజిస్టు అల్లరి పిల్లల ఇళ్లకు మనుషుల్ని పంపి, ఎవరు ఏమన్నాక ఎవరు ఏం చేశారో వరసగా రాయించి, దీని కిటుకు పట్టుకున్నాడు. పిల్లాడు ఏడుస్తాడు, పెద్దవాళ్లు వద్దంటారు, వాడు గొంతు పెంచుతాడు, పెద్దవాళ్లు ఓడిపోయి ఇచ్చేస్తారు. ఏడుపు ఆగిందని వీళ్లకు హాయి, అడిగింది దొరికిందని వాడికి హాయి. ఇద్దరికీ లాభమే కాబట్టి రేపు కూడా ఇదే జరుగుతుంది, ఇంకొంచెం గట్టిగా. మీ ఇంట్లో ఆ హాయి ఆదివారం మీ ఆయనది, ఆ బాకీ తీర్చేది వారమంతా నువ్వు. ఆయనున్నప్పుడు బాబు బంగారమంటే కారణమిదే, వద్దనేవాళ్లు లేనప్పుడు ఎవరైనా బంగారమే.

మా పెద్దోడు చిన్నప్పుడు కర్నూలు బస్సులో ఏడిస్తే బిస్కెట్ ప్యాకెట్ కొనిచ్చి నోరు మూయించినదాన్నే నేనూ. రెండో ట్రిప్పుకి వాడు బస్సెక్కకముందే ఏడుపు మొదలెట్టాడు. అప్పుడు మా ఆయన 'నువ్వే అలవాటు చేశావు' అని బస్టాండులో నలుగురి ముందు అన్నాడు చూడు, బిస్కెట్ కంటే ఆ మాటే ఎక్కువ రోజులు గుర్తుంది నాకు. అందుకే నీ ఉత్తరం చదువుతుంటే నీ తరఫున కోపమొచ్చింది. 'నీకు ఓపిక లేదు' అనడానికి ఆ మనిషికి ఏ హక్కుంది? వారానికి ఆరు రోజులు, పొద్దున ఉగ్గాని నుంచి రాత్రి పక్క వేసేదాకా ఓపిక పట్టేది ఎవరు? పైగా నీకు నేర్పించడానికి నీ కుట్టు డబ్బే! ట్రైనింగ్ తల్లికి, ఖర్చు తల్లిది, పేరు మాత్రం 'నా కొడుకు'. ఇది నువ్వు తలొంచుకుని ఒప్పుకునే మాట కాదమ్మా.

అత్తమ్మ సంగతి నువ్వు రెండు ముక్కల్లో ముగించావు, నేనూ అంతే. అవ్వ మనవడికి ఫోనిస్తుంది, ఏ ఇంట్లోనైనా ఇస్తుంది. కొడుకు ఒక్క మాటంటే మానేస్తుంది, కోడలు పది మాటలంటే మానదు. కాబట్టి మళ్లీ తిరిగి ఆయన దగ్గరికే వస్తాం.

వచ్చే శనివారం పిల్లాడు పడుకున్నాక, మిద్దె మీదికి తీసుకుపోయో ఎలాగో, అత్తమ్మ వినకుండా ఆయనతో మాట్లాడు. ఏడవకు, ఉత్తరం రాసినట్టు చుట్టూ తిప్పకు. రెండే మాటలు. నేను వద్దన్నదాన్ని పిల్లాడి ముందు మీరు ఇవ్వొద్దు, మీకు నచ్చకపోతే తర్వాత వంటింట్లోకి వచ్చి నాతో గొడవ పెట్టుకోండి. రెండోది, ట్రైనింగ్ కావాలంటే ఇద్దరం చేరదాం. నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉన్నది ఆయనుండే బెంగళూరులోనే, పిల్లల సైకియాట్రీ విభాగం అక్కడుంది, ఒకరోజు సెలవు పెట్టి ముందు ఆయనే పోయి కనుక్కోనీ. అంతలోపు నీకు మరీ టెన్షన్‌గా ఉంటే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. బాబు మాటలు సరిగా రాకపోయినా, వినికిడి మీద అనుమానమున్నా, బడిలోనూ ఇలాగే కొడుతున్నాడని టీచర్ చెబుతున్నా ముందు పిల్లల డాక్టరుకి చూపించు. నువ్వు రాసినదాన్ని బట్టి నాకు అలా అనిపించలేదు, అయినా చూపించు.

ఇంట్లో నువ్వు చేయగలిగింది కూడా ఉంది, నీ వల్ల కాదని కాదు. రోజూ ఐదే ఐదు నిమిషాలు వాడితో కింద కూర్చో. ఆట వాడిది, నువ్వు వెనకాల. ప్రశ్నలొద్దు, ఆర్డర్లొద్దు, తప్పులు పట్టొద్దు. వాడు లారీలో ఇసుక పోస్తుంటే 'లారీ నిండా ఇసుక పోస్తున్నావే' అను, చాలు. మెల్లగా పెడితే 'మెల్లగా పెట్టావు, బాగుంది' అను. ఉత్త 'గుడ్ బాయ్' అంటే దేనికన్నావో వాడికి తెలీదు. అలాగే పని చెప్పేటప్పుడు 'ఫోన్ ఇస్తావా నాన్నా?' అని అడగకు, అడిగితే 'ఇవ్వను' అనే హక్కు వాడికి నువ్వే ఇచ్చినట్టు. 'ఫోన్ టేబుల్ మీద పెట్టు' అని ఒక్కసారి చెప్పి, మనసులో ఐదు లెక్కపెట్టు. పెడితే వెంటనే మెచ్చుకో. పెట్టకపోతే కొట్టకుండా, అరవకుండా నువ్వే తీసుకుని, ఆ ఏడుపు అయిపోయేదాకా పక్క గదిలో పని చూసుకున్నట్టు ఉండు, కాకపోతే ఒక కన్ను వాడి మీదే. నువ్వు నిలబడితే మొదటి కొన్ని రోజులు గోల ఇప్పటికంటే పెరుగుతుంది, ముందే చెబుతున్నా, ఆ రోజుల్లో ఆగిపోతే వాడికి ఇంకా గట్టిగా ఏడవడం నేర్పినట్టే. అందుకే ఆ వారం మధ్యలో వచ్చే ఆదివారం మీ ఆయన నీ పక్కన ఉండాలి. లేకపోతే మొదలే పెట్టకు, దండగ.

ఆయన రోజూ రాత్రి వీడియో కాల్‌లో 'తిన్నావా, అమ్మ మాట విన్నావా' అని విచారణ చేసే బదులు, ఆ ఐదు నిమిషాల ఆట ఆయన కూడా ఆడొచ్చు. ఫోన్‌ని గోడకి ఆనించి పెట్టు, పిల్లాడు లారీ తోలుతుంటే ఆయన అవతల నుంచి చూసి చెబుతూ ఉండనీ. రెండో రోజుకే ఆయనకు తెలిసొస్తుంది, ప్రశ్న వేయకుండా, తప్పు పట్టకుండా ఐదు నిమిషాలు మాట్లాడటం ఎంత కష్టమో.

హెడ్‌సెట్ ఇంకా వచ్చిందో లేదో నువ్వు రాయలేదు. రాకపోతే ఈ రాత్రే క్యాన్సిల్ చెయ్యి. వచ్చి ఉంటే సీలు తీయకు, వాపస్‌కి ఎన్ని రోజుల గడువుందో చూసుకో, డబ్బు నీ ఖాతాలోకే వచ్చేట్టు పెట్టుకో.