నామినీ అయినంత మాత్రాన ఆ డబ్బంతా మీది కాదు

ప్రశ్న: మావారు డాక్టరు. పోయిన ఏడాది కాలం చేశారు. వీలునామా రాయలేదు. ఆయన సొంత సంపాదనతో వేసుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు నేనే నామినీని. ఆ డబ్బుతో ఆయన చదివిన మెడికల్ కాలేజీలో ఆయన పేరిట బంగారు పతకం పెట్టించాలని ఉంది. మాకు ఒక కొడుకు, ఒక కూతురు. అత్తగారు కూడా ఉన్నారు. అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి తానూ కొంత ఇస్తానంటున్నాడు. చట్టపరంగా ఇబ్బందులేమైనా ఉంటాయా?

జవాబు: మంచి ఆలోచనేనమ్మా. కాకపోతే కాలేజీ మెట్లెక్కే ముందు ఇంట్లో తేల్చుకోవాల్సింది ఒకటుంది. నామినీ అంటే బ్యాంకు నుంచి డబ్బు అందుకునే మనిషే తప్ప యజమాని కాదు. జీవిత బీమా విషయంలో సుప్రీంకోర్టు 1984లోనే ఈ మాట చెప్పింది. డిపాజిట్లకూ అదే సూత్రం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం మీకు వర్తిస్తుందనుకుంటే, ఆ డబ్బులో మీకు, కొడుక్కి, కూతురికి, అత్తగారికి తలా పావు వంతు.

అత్తగారి వాటానే చాలామంది మరిచిపోతారు. పెద్దావిడ, ఆవిణ్ణి అడిగేదేముందిలే అనుకుంటే, రేపు ఆవిడ తదనంతరం మీ మరిదో ఆడపడుచో లెక్క అడగొచ్చు. మీ పావు వంతు ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మొత్తం ఇవ్వాలంటే మిగతా ముగ్గురి దగ్గరా రాతపూర్వకంగా సమ్మతి తీసుకోండి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించండి. ఇచ్చేది స్థలమో ఇల్లో అయితే రిజిస్టర్డ్ దానపత్రం తప్పదు. డబ్బుకు ఆ బాధ లేదు.

మీ అబ్బాయి ఇంకా భారత పౌరుడే అయితే, తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, ఓసీఐ కార్డు (భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉన్న సంస్థే దాన్ని తీసుకోవాలి.

ఇక కాలేజీతో ఒప్పందం. అసలు టెన్షన్ ఇక్కడే. ఒకసారి ఇచ్చేసిన దానాన్ని మనసు మారిందని వెనక్కి తీసుకోవడం కుదరదు. కాబట్టి షరతులన్నీ డబ్బు చేతులు మారకముందే కాగితం మీదికి రావాలి. అసలు సొమ్మును ముట్టుకోకుండా వడ్డీతోనే పతకం ఇవ్వాలని రాయించండి. ఏ సబ్జెక్టులో ప్రథములకు? ఇద్దరికి సమాన మార్కులొస్తే? వడ్డీ రేట్లు తగ్గి, బంగారం ధర పెరిగి ఆ సొమ్ము చాలకపోతే? ఈ మూడోది రాసుకోని చోట పతకం చడీచప్పుడు లేకుండా సర్టిఫికెట్‌గా మారిపోతుంది. పైగా చాలాచోట్ల పతకం ఇచ్చేది యూనివర్సిటీ. ప్రిన్సిపాల్ గారు సరేనన్నా అక్కడి ఆమోదం లేకపోతే పని కాదు.

పన్ను మినహాయింపు కావాలంటే ఇన్నాళ్లూ 80జీగా మనకు తెలిసిన గుర్తింపు, చెక్కు అందుకునే సంస్థకు ఉండాలి. కాలేజీకి ఉండకపోవచ్చు, పూర్వ విద్యార్థుల ట్రస్టుకు ఉండొచ్చు. అడిగి చూసుకోండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఇది వర్తించదు. రెండు వేలు దాటితే నగదు ఇవ్వకండి, మినహాయింపు రాదు.