పాత క్లాసిక్ నవలల్లో గొప్ప హాస్యం ఉందంటారు, చదివితే నాకెందుకు నవ్వు రావడం లేదు?

స్పానిష్ రచయిత సెర్వాంటెస్ రాసిన 'డాన్ కిహోటే' లాంటి పుస్తకాలను అందరూ హాస్యం, వ్యంగ్యం అని పొగుడుతారు, వంద పేజీలు చదివినా నవ్వు రాలేదు, లోపం నాలో ఉందా పుస్తకంలో ఉందా అని అడిగారు. రెండింట్లోనూ లేదు, చదివిన వేగంలో ఉందని నా అనుభవం. కాలేజీ రోజుల్లో నేనూ ఇదే పుస్తకాన్ని అరవై పేజీల దగ్గర మూసేశాను. గాలిమరలను రాక్షసులనుకుని దాడి చేసినవాడి కథ అని ముందే విని ఉన్నాను కాబట్టి, ఆ ఘట్టం కోసం మిగతాదంతా గబగబా తిప్పేశాను. తీరా అది వచ్చేసరికి ఒకటి రెండు పేజీల్లో అయిపోయింది. ఇంతేనా అనిపించింది.

పదేళ్ళ తర్వాత నాన్నకి కంటి ఆపరేషన్ అయి, కొన్నాళ్ళు చదవకూడదన్నారు. రోజూ రాత్రి ఒక గంట నేను చదివి వినిపించేదాన్ని. నా దగ్గరున్నది ఇంగ్లిష్ అనువాదం. నాన్నకి తెలుగులో చెప్పాలి. అంటే ప్రతి వాక్యం దగ్గరా ఆగాలి, రచయిత ఏ గొంతుతో ఆ మాట అన్నాడో ఆలోచించాలి. అలా ఆగినప్పుడే నవ్వు ఎక్కడుందో దొరికింది.

మొదటి అధ్యాయంలోనే ఒక చోటుంది. వీరుల కథలు చదివి చదివి మతి చెడిన ఆ పెద్దమనిషి తాతల నాటి కవచం బయటికి తీసి తోముతాడు. శిరస్త్రాణానికి ముఖం కప్పే భాగం లేదు. అట్టతో తనే ఒకటి తయారుచేస్తాడు. గట్టిగా ఉందో లేదో చూద్దామని కత్తి దూసి రెండు దెబ్బలు వేస్తాడు. మొదటి దెబ్బకే వారం రోజుల పని ఊడిపోతుంది. మళ్ళీ చేస్తాడు, ఈసారి లోపల ఇనుప చువ్వలు పెడతాడు. ఇక పరీక్ష జోలికి పోకుండా, ఇది అన్ని విధాలా శ్రేష్ఠమైన శిరస్త్రాణం అని నిర్ణయించేసుకుంటాడు.

ఆ చివరి మాట చెప్పగానే నాన్న నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళ మీద ఒత్తిడి పడుతుందేమోనని నాకు టెన్షన్. ఆయన మాత్రం "మళ్ళీ కొట్టి చూడలేదన్నమాట!" అంటూ ఆపకుండా నవ్వారు. కాలేజీలో ఆ వాక్యం మీదుగానే నేనూ వెళ్ళాను, నాకు కనబడనే లేదు. ఎందుకంటే అక్కడ రచయిత నవ్వమని చెప్పడు. 'పాపం పిచ్చివాడు' అనడు. ముఖం గంభీరంగా పెట్టుకుని, ఒక పనివాడి పద్ధతి వివరించినట్టు చెప్పుకుపోతాడు. మన అలంకారశాస్త్రంలో పొగుడుతున్నట్టే తిట్టడాన్ని, తిడుతున్నట్టే పొగడడాన్ని వ్యాజస్తుతి అంటారు కదా, ఈ కథకుల పద్ధతికి అంతకంటే దగ్గరి పేరు నాకు తట్టడం లేదు. నాట్యశాస్త్రం రాసిన భరతుడు నవ్వును చిరునవ్వు లాంటి స్మితం నుంచి పగలబడి నవ్వే అతిహసితం దాకా ఆరు రకాలుగా చెప్పాడు. మనం పుస్తకం తెరుస్తూనే అతిహసితం కోసం చూస్తాం. ఈ పుస్తకాలు స్మితంతో మొదలుపెట్టి, మనం ఓపికపడితే పైకి తీసుకెళతాయి.

ఇంకో సంగతి, ఏ వస్తువును వెక్కిరిస్తున్నారో తెలియకపోతే వ్యంగ్యం మామూలు కథలా కనిపిస్తుంది. సెర్వాంటెస్ ఒక కత్తిపోరు మధ్యలో, ఇద్దరి కత్తులూ పైకెత్తి ఉండగా, కథ ఆపేస్తాడు. నాకు దొరికిన ఆధారం ఇంతవరకే ఉంది అంటాడు. తర్వాతి అధ్యాయంలో స్పెయిన్‌లోని టొలీడో ఊరి బజారులో ఒక కుర్రాడు అమ్ముతున్న పాత కాగితాల్లో అరబ్బీలో రాసిన మిగతా కథ దొరుకుతుంది, ఎండుద్రాక్షా గోధుమలూ కూలిగా ఇచ్చి అనువాదం చేయించుకుంటాడు. ఇదేం గోల అనుకున్నాను మొదటిసారి. అప్పట్లో వీరుల కథలు రాసేవాళ్ళు 'ఇది ఏదో ప్రాచీన భాషలో దొరికిన గ్రంథం' అని గొప్పలు చెప్పుకునేవారని తర్వాత తెలిసింది. ఆ గొప్పను పట్టుకుని ఆయన కూలి లెక్కల దాకా లాగాడు. అది తెలిశాక అదే అధ్యాయం రెండో చదువులో పకపకా నవ్వించింది.

రెండో భాగం ఇంకా ముచ్చటైనది. మొదటి భాగం 1605లో వచ్చింది. 1614లో వేరొకరు మారుపేరుతో నకిలీ రెండో భాగం వేసేశారు. 1615లో సెర్వాంటెస్ అసలు రెండో భాగం తెచ్చినప్పుడు, అందులో కిహోటేకి ఆ నకిలీ పుస్తకం సంగతి తెలుస్తుంది. అందులో తను సరగోసా నగరంలో జరిగే వీరుల పోటీలకు వెళ్ళినట్టు రాశారని విని, అయితే నేను అక్కడ అడుగే పెట్టను అని బార్సిలోనా దారి పడతాడు. రచయిత తన కోపాన్ని పాత్ర చేత తీర్పించిన తీరు చూడండి! ఇది తెలియకుండా చదివితే దారి ఎందుకు మారిందో కూడా అర్థం కాదు.

గోగోల్ రాసిన 'మృత జీవులు' (1842) విషయంలో ఈ ముందస్తు ఎరుక మరీ అవసరం. ఆనాటి రష్యాలో భూస్వాములు తమ కింది బానిస రైతులకు తలకింత అని పన్ను కట్టాలి. రెండు జనాభా లెక్కల మధ్య చనిపోయినవాళ్ళు కూడా కాగితం మీద బతికే ఉంటారు, పన్ను పడుతూనే ఉంటుంది. కథానాయకుడు చిచికోవ్ ఊరూరా తిరిగి అలాంటి చచ్చిపోయినవాళ్ళ పేర్లు కొంటాడు, బతికున్నవాళ్ళలా చూపించి తాకట్టు పెట్టుకుందామని. నాన్నకి ముందు ఈ లెక్క చెప్పాను. అప్పుడు కొరోబొచ్కా అనే వితంతువు వచ్చింది. ఆమెకు బేరంలో తప్పేమీ కనిపించదు, ఆమె భయమంతా ధర గురించే. చనిపోయినవాళ్ళను ఎప్పుడూ అమ్మలేదు బాబూ, వేరే వర్తకులు ఎక్కువ ఇస్తారేమో, ఒకవేళ ఇంట్లో ఏదైనా పనికొస్తారేమో అని సందేహిస్తుంది. చివరికి చచ్చిపోయినవాళ్ళ రేటు కనుక్కోవడానికి బండి కట్టించుకుని పట్నం వస్తుంది. గోగోల్ వ్యవస్థ గురించి ఒక్క ఉపన్యాసం ఇవ్వడు. మనుషుల్ని వస్తువుల్లా అమ్మే అలవాటు ఎంత లోతుకు దిగిందో ఆ ముసలమ్మ బేరం చెప్పేస్తుంది.

స్విఫ్ట్ 'గలివర్' (1726)లో జానెడు మనుషుల దేశమైన లిల్లిపుట్ అధికారులు గలివర్ జేబులు సోదా చేసి రాసిన జాబితా కూడా ఇలా చదవండి. గడియారం చూసి, ఏ పనికైనా ముందు దీన్నే సంప్రదిస్తానంటున్నాడు కాబట్టి ఇది ఇతని దేవుడై ఉండాలి అని రాస్తారు. ఆఫీసు భాష, అక్షరం పొల్లు పోని నివేదిక, అందులోంచే నవ్వు.

నవ్వు రాని చోట్లు కూడా నిజంగానే ఉన్నాయి, వాటికి మొహమాటపడకండి. కిహోటేకి పళ్ళు ఊడేలా దెబ్బలు తగిలే ఘట్టాలు నాకు ఇప్పటికీ నవ్వు తెప్పించవు. రెండో భాగంలో డ్యూక్ దంపతులు సరదా కోసం కిహోటేనీ, అతని వెంట తిరిగే సేవకుడు సాంచోనీ రోజుల తరబడి ఏడిపిస్తారు. అక్కడ నాన్న గొంతు మారింది. "వాళ్ళకి వేరే పనేం లేదా?" అన్నారు. నాకూ ఆ పేజీలు బరువుగానే గడిచాయి. కొన్ని రాత్రుల తర్వాత, ఇద్దరు పిచ్చివాళ్ళను ఆటపట్టించడానికి ఇంత శ్రమపడ్డ ఆ దంపతులు తామే పిచ్చివాళ్ళు కావడానికి రెండు వేళ్ళ దూరంలో ఉన్నారని కథకుడే అంటాడు. వెక్కిరింత ఎవరి మీదికి తిరిగిందో అప్పుడు అర్థమైంది. మీకు ఇబ్బందిగా అనిపించిన చోట ఆగి, ఇక్కడ రచయిత ఎవరి పక్షాన ఉన్నాడు అని చూడండి. చాలాసార్లు మీ పక్షానే ఉంటాడు.

మీరు మళ్ళీ మొదలుపెడితే పీఠికలు వదిలేయండి, రోజుకు ఒక్క అధ్యాయం చాలు, వీలైతే పైకి చదవండి, వినేవాళ్ళు ఒకరుంటే ఇంకా మంచిది. మా చదువు ముగియడానికి ఐదు నెలలు పట్టింది. చివర్లో కిహోటేకి మతి కుదురుతుంది, మంచం పడతాడు. సాంచో ఏడుస్తూ, ఎవరూ చంపకుండా ఊరికే చచ్చిపోవడం కంటే పెద్ద పిచ్చి ఏముంటుంది అయ్యా, లేవండి, వెళదాం అంటాడు. ఆ మాట చెబుతున్నప్పుడు నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి కాసేపు చదవలేకపోయాను. నాన్న ఏమీ అనలేదు. కాసేపయ్యాక, ఆ అట్ట శిరస్త్రాణం పేజీ ఒకసారి తియ్యి అన్నారు.