వరద నీటికి మగ్గం పాడైతే ప్రభుత్వ సాయం ఎంత?

వరంగల్ కొత్తవాడలో వాన నీరు ఇంట్లోకి చేరి గుంట మగ్గం (నేలలో తవ్విన గుంటలో అమర్చే చేనేత మగ్గం) పాడైతే ప్రభుత్వం నష్టమంతా భరిస్తుందా అని అడిగారు. భరించదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ఏర్పడిన రాష్ట్ర విపత్తు స్పందన నిధికి మన రాష్ట్రంలో కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం సమకూరుస్తాయి. అయితే ఆ నిధి తక్షణ ఉపశమనానికే తప్ప జరిగిన నష్టాన్ని పూడ్చడానికి ఉద్దేశించినది కాదు. 2022-26 నిబంధనలు నేతకారులకు దెబ్బతిన్న పనిముట్ల కింద 5,000 రూపాయలు, ముడిసరుకు కింద మరో 5,000 రూపాయలు ఖరారు చేశాయి. గుంట నిండా బురద, తడిసి ముద్దైన పడుగు, రంగు దిగిన జంపఖానా కళ్లముందు ఉన్నప్పుడు ఈ మొత్తం ఏ మూలకు అనిపించడం సహజమే.

అదీ అధికారులు ధ్రువీకరిస్తేనే అందుతుంది కనుక, బురద ఎత్తిపోయకముందే ఫొటోలు తీసి, రెవెన్యూ సిబ్బంది రాసే పంచనామాలో మగ్గాన్ని, నూలును విడివిడిగా నమోదు చేయించుకోవాలి. ‘ఇల్లు తడిసింది’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకోకూడదు. మగ్గాన్ని మళ్లీ నిలబెట్టే పెట్టుబడికి బ్యాంకులో చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్ర రుణం అడగవచ్చు గానీ, అది గ్రాంటు కాదు, తిరిగి కట్టవలసిన అప్పు.